హెర్న్‌డన్ దాకా నాలుగు వైన్ పెట్టెలు

ఈ ప్రయాణంలో నయాగరా లేదు. వాషింగ్టన్‌లో మూడు గంటలున్నా వైట్‌హౌస్ వైపు తల తిప్పి చూడలేదు. వెళ్లనివాళ్లకి అమెరికా చూపిద్దామని రాసేవాళ్లు మామూలుగా ఇలా మొదలుపెట్టరని తెలుసు. కానీ మొన్న నవంబరులో నేను కారులో తిరిగిన దారిలో చూసింది మొక్కజొన్న కోసేసిన బోడి పొలాలు, వాన, మోటెల్ గదులు, పక్క సీటులో ఇరవై ఏడేళ్ల ఫ్రెంచి యువకుడు. ఇంటికి తిరిగొచ్చి పది రోజులైంది. ఇప్పటికీ అతని మొహమే కళ్లముందు ఉంది కాబట్టి అతని గురించే రాస్తాను.

అరోరా

నేను ఇల్లినాయ్ రాష్ట్రంలో అరోరా అనే ఊళ్లో ఉంటాను. ఆహార పదార్థాలు తయారుచేసే కంపెనీ లేబరేటరీలో కెమిస్టుని. నీ ఉద్యోగం ఏమిట్రా అని తెనాలిలో చుట్టాలు అడిగితే "వాసన చూడటం" అని చెబుతాను. వేళాకోళం అనుకుంటారు. నిజంగా అంతే. కోకో పొడికో ఎండుద్రాక్షకో పరాయి వాసన పడితే అది ఎక్కడ పట్టిందో వెతికి చెప్పాలి. పదహారేళ్లుగా ఈ ముక్కే నాకు అన్నం పెడుతోంది.

షికాగోలో ఫ్రాన్స్ నుంచి వైన్ తెప్పించి అమ్మే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఏ సీసా మీదైనా అనుమానం వస్తే నాకు ఫోన్ చేస్తాడు. నేను తాగను. అక్కడ ఆ ఇబ్బంది లేదు, రుచి చూసేవాళ్లెవరూ మింగరు. గ్లాసు తిప్పి, వాసన పీల్చి, ఒక గుక్క పుక్కిలించి బకెట్టులో ఉమ్మేస్తారు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు పదిమంది ఒకే బకెట్టులో ఉమ్ముతూ గంభీరంగా మాట్లాడుకోవడం మొదటిసారి చూసినప్పుడు నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎంగిలికి ఇంగ్లీషులో మాట ఎందుకు లేదో ఆ రోజు తెలిసింది.

వర్జీనియాలో హెర్న్‌డన్‌లో మా పిన్ని కూతురు సుభద్ర ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి అన్నయ్య హోదాలో నేను వెళ్లి తీరాలి. మా ఆవిడకి ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. నేనొక్కణ్ణే కారులో బయల్దేరుతున్నానని తెలిసి పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఫ్రాన్స్‌లో బర్గండీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సొంత తోట, సొంత వైన్. నీ దారిలోనే ఇండియానాపొలిస్‌లో, కొలంబస్‌లో, చివర వాషింగ్టన్‌లో నాకు తెలిసిన వ్యాపారులున్నారు. వాళ్లకి రుచి చూపించాలి. తీసుకెళ్తావా? ముగ్గురిలో ఒక్కరు కొంటామన్నా నేను తెప్పిస్తాను."

"మీకెలా అనిపించింది?" అని అడిగాను.

"ఇంటరెస్టింగ్‌గా ఉంది," అన్నాడు.

పదహారేళ్లు ఇక్కడ బతికినవాణ్ణి, ఆ మాటకి అర్థం నాకు తట్టాల్సింది. మన వైపు పులుసులో ఉప్పెక్కువైతే విస్తరి ముందు కూర్చున్న మేనమామ అక్కడికక్కడే కేకేసి చెబుతాడు. ఇక్కడ ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, ఇంటరెస్టింగ్ అంటారు. నాకు నచ్చలేదు, ఎందుకో చెప్పను, నువ్వు అడగొద్దు అని దానర్థం.

యువకుడి పేరు ఎతియెన్. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. తండ్రిదట, భుజాల దగ్గర వదులైన నల్లకోటు వేసుకున్నాడు. గోళ్ల చుట్టూ ద్రాక్షరసం మరక ఇంకిపోయి ఉంది. డజనేసి సీసాలున్న నాలుగు పెట్టెల్ని డిక్కీలో రెండు, వెనక సీటులో రెండు సర్దాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే, అతనిది ఫ్రెంచి యాస, నాది తెనాలి యాస. ఒకరిదొకరికి తెలియడానికి ఇండియానా సరిహద్దు దాకా పట్టింది.

తెలిశాక విన్నది ఇదీ. తండ్రి పోయి మూడేళ్లు. పైన ఇద్దరు అక్కలు. వాళ్ల దేశంలో తండ్రి ఆస్తి ఆడా మగా తేడా లేకుండా సమానంగా పంచాలి, ఎన్నో తరాల నుంచి అదే చట్టం. మన దగ్గర ఆడపిల్లకి వాటా అనే మాట ఇప్పుడిప్పుడే వింటున్నాం కదా అని నేను మెచ్చుకోబోయాను.

"చట్టం మంచిదే, తోటే చిన్నది," అన్నాడు ఎతియెన్.

అక్కలు మంచివాళ్లే, మూడేళ్లు ఓపిక పట్టారు. వైన్ అమ్ముడై వాళ్ల వాటా చేతిలో పెట్టగలిగితే తోట మొత్తం అతనికి మిగులుతుంది. లేదంటే ఉన్నవాటిలోకల్లా మంచి ముక్క, కొండవాలు మీద ముత్తాత నాటిన ఎకరం, పక్కింటాయనకి అమ్మాలి. కాగితాలు నోటరీ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఇతను ఫోన్‌లో సరే అంటే చాలు, మర్నాడే పెద్దక్క ఇతని తరఫున సంతకం పెట్టేస్తుంది.

"మా నాన్న దగ్గర ముప్పై ఏళ్లు కొన్న పారిస్ వ్యాపారులు రెండేళ్లుగా కొనడం మానేశారు," అన్నాడు.

"ఎందుకో అడిగావా?"

"అడిగాను. మా దగ్గర సరుకు నిండిపోయింది అన్నారు." గోళ్ల చుట్టూ ఉన్న మరక చూసుకుంటూ, "తోట అదే, పీపాలు అవే. మారింది నేనొక్కణ్ణే. నాకు నాన్న చెయ్యి రాలేదు," అన్నాడు.

ఇండియానాపొలిస్

ఇండియానా అంతా బల్లపరుపు. మన డెల్టాలాగే ఉంటుందని చెప్పబోయి మానేశాను. మన డెల్టాలో మైలుకో మనిషైనా కనబడతాడు. ఇక్కడ గంటసేపు వెళ్తే ఒక ధాన్యం గాదె, దాని పక్కన ఒక ట్రాక్టరు, అంతే.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో ఆగాం. మాంసం లేని సూప్ ఏదైనా ఉందా అని అడిగితే వెయిట్రెస్ "బీన్ సూప్ ఉంది హనీ" అంది. మూడో చెంచాలో పంది మాంసం ముక్క తగిలింది. చూపిస్తే, "అది మాంసం కాదు హనీ, రుచికి వేస్తాం" అంది. దాన్ని పక్కకి జరిపి, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె తిన్నాను, డాలరున్నర. కాఫీ యాభై సెంట్లు, ఎన్నిసార్లయినా పోస్తారు. ఎతియెన్ ఒక కప్పు తాగి, "ఎందుకు ఊరికే పోస్తారో ఇప్పుడు అర్థమైంది," అన్నాడు. ఆ ఐదు రోజుల్లో అతను నవ్వగా చూసింది అప్పుడొక్కసారే.

వైన్ దుకాణం యజమాని లావాటి మనిషి, మాట మెత్తన. వెనక గదిలోకి తీసుకెళ్లి గ్లాసులు పెట్టాడు. ఎతియెన్ మూడు సీసాలు తెరిచాడు. తండ్రి పోయాక మూడేళ్లలో తను ఒంటరిగా చేసినవి. నాకూ పోశాడు.

రంగు బాగుంది. పల్చటి ఎరుపు, గ్లాసు వెనక వేళ్లు కనిపిస్తున్నాయి. మొదటి పీల్పులో నేరేడు పండు తగిలింది, వెనకాలే వాన పడ్డ మట్టి. ఆహా అనుకున్నాను. అంతలో ఆ రెండూ అణిగిపోయి ఇంకోటి పైకొచ్చింది. తడిసి ఆరని గోనెసంచి వాసన. నోట్లో పోసుకుంటే నాలుక మీద పండు రుచి చచ్చిపోయి, మూసిపెట్టిన గది రుచి మిగిలింది. రెండో గ్లాసులో అదే. మూడోదాంట్లోనూ అదే.

ఈ వాసన నాకు కొత్త కాదు. కొన్నేళ్ల క్రితం మా కంపెనీకి ఓడలో వచ్చిన ఎండుద్రాక్ష మొత్తం ఇదే కంపు కొట్టింది. నెల రోజులు తిప్పలు పడి కారణం పట్టుకున్నాం. సంచుల కింద పరిచిన చెక్కలకి చెద పట్టకుండా మందు పూశారు. చెమ్మకి చెక్క మీద బూజు పెరిగి, ఆ మందుని ఈ వాసనగా మార్చింది. అది గాల్లో కలిసి సరుకంతటికీ పట్టింది. ముక్కుకి తెలియడానికి రవ్వంత చాలు.

ఒక్క సీసాలో వస్తే బిరడా చెడ్డదని సరిపెట్టుకోవచ్చు. మూడేళ్ల వైన్‌లోనూ వచ్చిందంటే వాసన సీసాలో పుట్టలేదు, ఇంట్లో పుట్టింది.

దుకాణం యజమాని బకెట్టులో ఉమ్మి, మూతి తుడుచుకుని, "ఇంటరెస్టింగ్. ఆలోచించి పెద్దాయనకి ఫోన్ చేస్తాను," అన్నాడు. వాసన అతనికీ తగిలింది. గ్లాసు దగ్గరికి తెచ్చుకున్నప్పుడు ముక్కుపుటాలు బిగుసుకోవడం నేను చూశాను. ఎతియెన్ మాత్రం తన గ్లాసులో ముక్కు పూర్తిగా దించి నిండుగా పీల్చాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

కొలంబస్

మర్నాడు ఒహాయో అంతా వాన. మోటెల్‌లో ఇరవై ఆరు డాలర్లు తీసుకున్న గదిలో హీటరు రాత్రంతా దగ్గింది, ఇద్దరికీ నిద్ర లేదు. కారులో ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, "మీ నేలమాళిగ ఎలా ఉంటుంది?" అని. వైన్ పీపాలు పెట్టేది అందులోనే.

అతనికి ప్రాణం లేచొచ్చింది. రాతి గోడలట, ఎప్పుడూ చెమ్మగా ఉంటుందట, గోడల నిండా నల్ల బూజట. బూజు ఉంటేనే వైన్‌కి మంచిదని వాళ్ల నమ్మకం. పైన చెక్క దూలాలు పుచ్చిపోయి పదేళ్లయినా తండ్రి బాగుచేయించలేకపోయాడు. ఆయన పోయిన చలికాలంలోనే ఇతను ఇద్దరు వడ్రంగుల్ని పెట్టుకుని దూలాలన్నీ మార్పించాడు.

"మందు నేనే పూశాను. రెండు పూతలు. ఇంకో వందేళ్లు చెద రాదని కొట్టువాడు చెప్పాడు," అన్నాడు. "ఆ ఇంటికి నేను చేసిన మొదటి పని అది. నాన్న చూస్తే సంతోషించేవాడు. రోజూ మధ్యాహ్నం వాటి కిందే కూర్చుని రొట్టె తింటాను."

ఎండుద్రాక్ష కథే ఇది. మందు పూసిన చెక్క, చెమ్మ, బూజు. తోటలో లోపం లేదు, ఇతని చెయ్యిలో లోపం లేదు. దూలాలు పీకి అవతల పారేస్తే వచ్చే ఏడాది నుంచి వైన్ బాగుపడుతుంది. కొండవాలు ముక్క అమ్మడం వల్ల మాత్రం ఏమీ బాగుపడదు. ఇతనికి ఎందుకు తెలియడం లేదో కూడా అర్థమైంది. మూడేళ్లుగా ఆ వాసనలోనే తిని, అందులోనే పనిచేస్తున్నాడు.

ఇది నాకు స్వానుభవం. ఈ దేశం వచ్చిన కొత్తలో నా కోటు వంటింటి తలుపుకి తగిలించేవాణ్ణి. ఇంగువ పోపంతా దానికి పట్టేది. లేబరేటరీలో పక్క బల్ల ఆయన మంచు పడుతున్నా కిటికీ తెరుచుకుని కూర్చునేవాడు. చల్లగాలి ఇష్టమేమో పాపం అనుకునేవాణ్ణి. వాసన పట్టడమే వృత్తి అయినవాడికి సొంత కోటు కంపు తెలియలేదు. ఆరేళ్లు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. చివరికి బట్టలుతికే కొట్లో ఒక ముసలావిడ కోటు అందుకుని, "ఇంట్లో ఏం వండుతారండీ మీరు?" అంది. ఆ రోజు నాకు సిగ్గుకన్నా కోపం ఎక్కువొచ్చింది. చెబితే వీళ్ల సొమ్మేం పోయేదని ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర అరిచాను.

ఇప్పుడు చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు.

కారణాలు చాలా చెప్పుకున్నాను. వాషింగ్టన్ ఇంకా ఉంది, ఆశ ఎందుకు తీయడం? లేబరేటరీలో పరీక్ష చెయ్యకుండా ఎలా చెప్పడం? తండ్రి మీద ప్రేమతో చేసిన పనే తనని ముంచిందని వానలో హైవే మీద ఏ నోటితో చెప్పడం? అన్నీ మంచి కారణాలే. అసలుది వేరే. చెప్పగానే అతను నా వైపు చూసే చూపుని నేను భరించాలి. నిజం నిష్ఠూరం అంటారు, ఆ నిష్ఠూరం నా నెత్తిన పడటం నాకిష్టం లేదు.

కొలంబస్‌లో ఒక పెద్ద హోటలుకి వైన్ కొనే ఆవిడ మమ్మల్ని చాలా ఆదరించింది. మూడు గ్లాసులూ వాసన చూసి, మూడోదాన్ని నోటిదాకా తీసుకెళ్లకుండానే కింద పెట్టి, "ఫాసినేటింగ్," అంది. ఎతియెన్‌కి చాక్లెట్ల పెట్టె ఒకటి ఇచ్చి పంపింది. కారులో అతను ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని, "ఇంటరెస్టింగ్ కన్నా ఇది ఎక్కువా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మేరీలాండ్ కొండలు

మూడో రోజు కొండల్లో పడ్డాం. ఆకులన్నీ రాలిపోయి చెట్లు నల్లగా తడిసి ఉన్నాయి. మేరీలాండ్‌లో ఒక ఎత్తు మీద వెనక టైరు పేలింది. కారు రోడ్డు పక్కకి జారి ఆగింది. స్పేరు టైరు డిక్కీలో వైన్ పెట్టెల కింద ఉంది. వానలో ఇద్దరం పెట్టెలు గడ్డి మీద దించాం. ఎతియెన్ కోటు విప్పి వాటి మీద కప్పి తను తడుస్తూ నిలబడ్డాడు.

జాకీ తిప్పడం చేతకాక నేను అవస్థ పడుతుంటే ఒక ముసలి రైతు పికప్ ట్రక్కు ఆపి దిగాడు. నెత్తిన నారింజరంగు టోపీ, జింకల వేటకి వెళ్లేవాళ్లు పెట్టుకునేది. పేలిన టైరు మీద బొటనవేలుతో రాసి చూశాడు.

"ఇది అరిగి నున్నగా అయిపోయింది. ఎంత కాలంగా నడుపుతున్నావు దీని మీద?"

"మార్చాలనుకుంటూనే ఉన్నానండీ."

"ఈ పిల్లాణ్ణి చంపేసేవాడివి," అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అంతే అని, పది నిమిషాల్లో టైరు మార్చేసి, డబ్బిస్తే పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు. పదహారేళ్లలో ఒక అమెరికన్ నా తప్పు నా మొహం మీద చెప్పడం అదే మొదటిసారి. బాధ కలగలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు తేలిగ్గా ఉంది.

కారెక్కాక ఎతియెన్ జుట్టు తుడుచుకుంటూ సూటిగా అడిగాడు. "మీరు వాసనల మనిషి కదా. ఎవరూ నాకు చెప్పడం లేదు. మీరు చెప్పండి. నా వైన్‌లో ఏముంది?"

ఇంతకన్నా మంచి అవకాశం మనిషికి దేవుడు ఇవ్వడు. ముసలాయన ఎలా చెప్పాలో కూడా చూపించి వెళ్లాడు. నోరు తెరిచాను. రేపే వాషింగ్టన్ అనుకున్నాను. నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు, ఈ దేశం నాకు నేర్పింది.

"ఇంటరెస్టింగ్‌గా ఉంది," అన్నాను.

అతను తల ఊపి కిటికీ వైపు తిరిగాడు. ఆ రాత్రి బస చేసిన చోట భోజనం కూడా చెయ్యలేదు.

వాషింగ్టన్

నాలుగో రోజు వాషింగ్టన్‌లో దిగుమతి వ్యాపారి గది నేను చూసినవాటిలోకల్లా అందమైంది. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, వెండి బకెట్టు. వ్యాపారి ఫ్రెంచిలోనే మాట్లాడాడు. ఎతియెన్ కళ్లలో మెరుపొచ్చింది. నాకు ఫ్రెంచి రాదు. ముక్కులకి మాత్రం అన్నిచోట్లా ఒకే భాష. ఆయనతో ఉన్న ఇద్దరు సహాయకులు వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అరగంట మాట్లాడాడు, ఎతియెన్ తండ్రిని గురించి కూడా ఏదో మంచిగా చెప్పాడు, గుమ్మం దాకా వచ్చి చెయ్యి కలిపాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను మెట్లు దిగుతూ.

"మా నాన్న గొప్పవాడన్నాడు."

కింద వీధి చివర పబ్లిక్ ఫోను ఉంది. అవతలివాళ్లే డబ్బు కట్టుకునేలా కాల్ బుక్ చేశాడు. నేను పది అడుగుల దూరంలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పెద్దక్కతో మాట్లాడుతున్నాడని తెలుసు. ఏం చెబుతున్నాడో కూడా తెలుసు. పదడుగులు వేసి ఫోను పెట్టేయమని చెప్పొచ్చు. కారులో చెబుదాం అనుకున్నాను. అతను ఫోను పెట్టేసి వచ్చి, "రేపు పొద్దున సంతకం పెట్టేస్తుంది," అన్నాడు. కారులో కూడా చెప్పలేదు. అప్పటికి ఇంకా ఒక పూట టైముంది.

హెర్న్‌డన్

సాయంత్రం సుభద్ర వాళ్ల పాత అపార్ట్‌మెంటుకి చేరేసరికి ఇల్లంతా పులిహోర పోపు వాసన. గుమ్మంలోనే సుభద్ర, "ఇంత లేటా అన్నయ్యా? ఎంత వరీ అయ్యామో తెలుసా?" అంది. ఎతియెన్‌ని చూసి, "పాపం, ఎంత నీరసంగా ఉన్నాడో. ముందు అన్నం తినమను" అని, పెట్టెల సంగతి విని గొంతు తగ్గించింది. "పాలు పొంగించే ఇంట్లో సారా ఏంటన్నయ్యా? కొత్తింటి గరాజ్‌లో పెట్టించు. లోపలికి మాత్రం తేవద్దు, ప్లీజ్."

ఆ సాయంత్రమంతా అరటాకులు ఎక్కడ దొరుకుతాయి, పంతులుగారిని ఎవరు పికప్ చేస్తారు అనే గొడవే. ఎతియెన్ నేల మీద కూర్చుని పప్పన్నం చేత్తో తిన్నాడు. అక్కడ సంతకం పెట్టే పొద్దు ఇక్కడ మేం నిద్రలో ఉండగా వస్తుందని లెక్క వేసుకుని కూడా, నేను పడుకుని దుప్పటి కప్పుకున్నాను.

తెల్లవారాక కొత్తింట్లో ముహూర్తం. కరెంటు పొయ్యి మీద పాలు పొంగగానే చుక్కలు పళ్లెం మీద మాడి పొగ లేచింది, సీలింగుకున్న పొగ అలారం చెవులు పగిలేలా మోగింది. బావ స్టూలెక్కి బ్యాటరీ పీకాడు. పంతులుగారు దాన్ని మంగళవాద్యం కింద జమకట్టి మంత్రం ఆపకుండా చదివారు. అందరూ నవ్వారు. ఉప్మా తిని, పసుపు కుంకాలు తీసుకుని చుట్టాలు వెళ్లిపోయేసరికి పదైంది.

అప్పుడు ఎతియెన్ గరాజ్‌లోంచి సగం ఖాళీ అయిన సీసాలు మూడు పట్టుకొచ్చాడు. వాషింగ్టన్‌లో తెరిచినవి. విమానంలో తీసుకెళ్లలేనని, సింకులో పారబోసుకోవచ్చా అని సుభద్రని అడిగాడు. పారబోయడానికే కదా అని ఆవిడ పక్కకి జరిగింది. మొదటి సీసా వంచగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటన్నయ్యా, తడి గోనెపట్టా కంపు! వైన్ అంటే ఇలాగే ఉంటుందా?"

ఎతియెన్ ఆగిపోయాడు. "ఏమంటున్నారు ఆవిడ?" అని నన్ను అడిగాడు. నేను మాటలు వెతుక్కుంటూ ఉండగా సుభద్రే చెప్పేసింది, ఇంగ్లీషులో, మనింట్లో పులుసులో ఉప్పెక్కువైందని చెప్పినట్టే. "ఐ యామ్ సారీ బాబూ. వెట్ గన్నీ బ్యాగ్. పాతబడ్డ బియ్యం బస్తా తడిస్తే వస్తుంది చూడు, అదే స్మెల్. మీ గోడౌన్‌లో ఏదో తేడా ఉంది, ఒకసారి చూసుకో."

వంటల వాసన తప్ప ఏ వాసన గురించీ చదువుకోని మనిషి. ఒక్క వంపులో చెప్పేసింది.

అతను సీసాని కాక నన్ను చూశాడు. ఇక చెప్పాను. దూలాలు, మందు, చెమ్మ, బూజు, ఎండుద్రాక్ష, అన్నీ. తోట మంచిదే అన్నాను. నీ చెయ్యి మంచిదే అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నా గొంతు నాకే వినిపించింది.

అతను బ్యాగ్ తెరిచి, స్వెట్టరులో చుట్టిన సీసా ఒకటి తీశాడు. దాని సంగతి ఈ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. తండ్రి చేసిన ఆఖరి వైన్, ఆ కొండవాలు ముక్కదే, దూలాలు మార్చకముందే సీసాకెక్కింది. ఆర్డరు ఇచ్చినవాళ్లతో కలిసి తాగాలని తెచ్చుకున్నాడట. బిరడా తీసి రెండు స్టీలు గ్లాసుల్లో పోశాడు. ఒకటి సుభద్ర ముందు పెట్టాడు. పాలు పొంగించిన ఇల్లని ఆవిడ ఏమీ అనలేదు. వంగి వాసన చూసింది.

"ఇందులో ఆ కంపు లేదు. పండు వాసనే వస్తోంది," అంది మెల్లగా.

నేనూ చూశాను. నేరేడు పండు, వాన మట్టి, ఇండియానాపొలిస్‌లో ఒక్క క్షణం తగిలి మాయమైనవే. ఈసారి మాయం కాలేదు. ఎతియెన్ తండ్రి వైన్ పీల్చి, వెంటనే సింకు దగ్గరికెళ్లి తన వైన్ పీల్చాడు. మళ్లీ తండ్రిది, మళ్లీ తనది. మూడోసారికి అతనికి తెలిసింది. తెలిసిన క్షణం మొహంలో కనిపించింది.

ఫోన్ అడిగాడు. కొత్తింట్లో ముందుగా పెట్టించింది ఫోనే. ఫ్రాన్స్‌లో అప్పటికి సాయంకాలం నాలుగు దాటింది. ఫ్రెంచిలో రెండు మాటలు అడిగాడు, చాలాసేపు విన్నాడు, పెట్టేశాడు.

"పొద్దున పదిన్నరకి సంతకం అయిపోయింది," అన్నాడు. "పక్కింటాయన మా అక్కకి పూలు తెచ్చిచ్చాడట."

బావ గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం ఊరికే సర్దడం మొదలుపెట్టాడు. అవి ప్లాస్టిక్‌వి.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు ఎతియెన్.

అబద్ధం చెప్పడానికి అప్పటికీ దారి ఉంది. ఇప్పుడే, సుభద్ర అన్నాకే అని చెప్పొచ్చు. అతను నమ్మేవాడు. సుభద్ర కూడా నమ్మేది.

"ఇండియానాపొలిస్‌లో అనుమానం వచ్చింది. కొలంబస్ దారిలో దూలాల గురించి చెప్పావు చూడు, అప్పుడు రూఢి అయింది."

"టైరు మార్చిన చోట నేను మిమ్మల్ని అడిగాను."

"అడిగావు."

"మొన్న మధ్యాహ్నం."

"అవును."

అతను గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. గ్లాసులో మిగిలిన తండ్రి వైన్ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించాడు. సుభద్రకి వంగి నమస్కారంలాంటిది పెట్టాడు. ఆవిడ ఏడుస్తూ పులిహోర పొట్లం చేతిలో పెట్టింది, అతను పుచ్చుకున్నాడు. విమానం మర్నాటికి ఉన్నా ఇప్పుడే ఎయిర్‌పోర్టుకి వెళ్లి కూర్చుంటానని, టాక్సీకి ఫోన్ చెయ్యమని బావని అడిగాడు. పెట్టెలు గరాజ్‌లోనే వదిలేశాడు.

ఎయిర్‌పోర్టు అక్కడికి పదిహేను నిమిషాలు కూడా లేదు. నేను కారు తాళాలు చేతిలోకి తీసుకుని, "టాక్సీ ఎందుకు, పద, నేను దింపుతాను," అన్నాను.

అతను తండ్రి కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "దారంతా మీరు మళ్లీ మర్యాదగా మాట్లాడతారు."